వలసకు లోబడే స్థితి: మాలిక్ బిన్ నబీ సిద్ధాంతం – ఒక పరిశీలన

ఒక్క మాట దగ్గర నా అనువాదం రెండు నెలలపాటు ఆగిపోయింది. అల్జీరియాకు చెందిన మేధావి మాలిక్ బిన్ నబీ రచనల నుండి కొన్ని అధ్యాయాలను తెలుగులోకి తేవాలని కూర్చున్నప్పటి సంగతి ఇది. ఆయన తన గ్రంథాలలో చాలావాటిని ఫ్రెంచి భాషలో వ్రాశారు. నేను మదరసాలో నేర్చిన అరబీని ఆధారం చేసుకొని, విశ్వవిద్యాలయంలో నేర్చిన కొద్దిపాటి ఫ్రెంచితో సరిచూసుకుంటూ సాగుతున్నాను. ఆయన ఆలోచనకంతటికీ ఇరుసు వంటి మాట ఒకటున్నది. ఫ్రెంచిలో దానిని 'కొలొనిజాబిలితే' అన్నారు. కైరోలో ఆ గ్రంథాలను అరబీలోకి తెచ్చిన అబ్దుస్సబూర్ షాహీన్ ప్రభృతులు 'అల్ ఖాబిలియ్యతు లిల్ ఇస్తిఅ్‌మార్' అన్నారు. ఒక జాతి పరుల వలసపాలనకు లోబడేందుకు అనువుగా తయారై ఉండటం అని దాని స్థూలార్థం.

మొదటి ప్రతిలో నేను 'వలసార్హత' అని వ్రాశాను. మదరసాలో నాతోపాటు చదువుకున్న మిత్రుడొకడు ఆ ప్రతిని చదివి, "అర్హత అంటే యోగ్యతే కదా భాయ్! అణచివేయబడటానికి మన పెద్దలు యోగ్యులని వ్రాస్తున్నావా?" అని అడిగాడు. నా వద్ద వెంటనే జవాబు లేకపోయింది. ఆలోచించిన కొద్దీ, ఆ ప్రశ్న నా అనువాదానికే గాక మూలగ్రంథానికి కూడా వేయదగినదని తోచింది.

మన వేదికల మీద తరచు వినవచ్చే ఒక మాట ఉన్నది: "ముస్లిములు పతనమయ్యారు గనుకనే పాశ్చాత్యులు వచ్చి పాలించారు, తప్పు మనదే" అని. కొందరు వక్తలు దీనికి ప్రమాణంగా బిన్ నబీని పేర్కొంటారు. ఆయన నిజంగా అన్నది అదేనా? అన్నంత మేరకు అది చరిత్రకు నిలుస్తుందా? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల వెనుక మాటలు

ముందుగా పదాల సంగతి చూద్దాం. అరబీలో వలసవాదాన్ని 'ఇస్తిఅ్‌మార్' అంటారు. ఐన్, మీమ్, రా అనే ధాతువు నుండి వచ్చిన మాట ఇది. నివసించటం, నేలను సాగుచేసి కళకళలాడేలా చేయటం దాని మూలార్థం. దివ్య ఖుర్ఆన్‌లో హూద్ సూరా 61వ ఆయత్‌లో సాలిహ్ (అ) తన జాతి వారైన సమూద్‌కు బోధిస్తున్న సందర్భంలో ఇదే క్రియ వస్తుంది. అల్లాహ్ మిమ్మల్ని నేల నుండి పుట్టించి, ఆ నేల మీదనే నివసింపజేసి, దానిని వర్ధిల్లజేసే పని మీకు అప్పగించాడన్నది అక్కడి భావం. ఇంతటి పవిత్రమైన బాధ్యతను తెలిపే మాట, పరుల నేలను ఆక్రమించుకోవటానికి పేరై కూర్చున్నది.

ఉర్దూలో 'నౌఆబాదియాత్' అన్నారు. హైదరాబాదు, నిజామాబాదు, ఆదిలాబాదు అని రోజూ పలికే మనకు 'ఆబాద్' అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. క్రొత్తగా ఏర్పడిన జనావాసం అని అర్థం. అంతకు ముందు అక్కడ ఎవరూ లేరన్నట్లే ఉన్నది ఆ మాట!

ఇక మన తెలుగులో 'వలస'. పాలమూరు కూలీలు మూట నెత్తిన పెట్టుకొని పోయేదీ వలసే. సైన్యంతో వచ్చి దేశాన్ని పట్టుకోవటమూ వలసే. బ్రతుకు లేక పోయేవానికీ, ఇంకొకరి బ్రతుకు లాక్కోవటానికి వచ్చేవానికీ మన భాష ఒకే మాట ఇచ్చింది. భారతదేశం విషయంలో ఈ మాట అంతగా అతకదు. ఆంగ్లేయులు ఇక్కడ పాలించారే గాని పెద్దసంఖ్యలో స్థిరపడలేదు. కాని అల్జీరియా విషయంలో అక్షరాలా అతుకుతుంది. ఫ్రెంచివారితోపాటు స్పెయిన్, ఇటలీ, మాల్టాల నుండి కూడా జనం అక్కడికి తరలివచ్చి స్థిరపడ్డారు. 1954 నాటికి వారి సంఖ్య సుమారు పది లక్షలు. ముస్లిములు ఎనభై అయిదు లక్షల వరకు ఉండేవారు.

మూల పదబంధంలోని రెండో మాట 'ఖాబిలియ్యత్' మరింత ఇబ్బంది పెట్టింది. అరబీలో అది స్వీకరించే గుణాన్ని తెలుపుతుంది. ఉర్దూలో 'ఖాబిలియత్' అంటే తెలివి, సామర్థ్యం, మెచ్చుకోలు మాట. ఉర్దూ నేర్చిన చెవితో అరబీ పాఠాన్ని చదివితే బిన్ నబీ మనలను నిందిస్తున్నాడో, మెచ్చుకుంటున్నాడో తెలియని విచిత్రస్థితి ఏర్పడుతుంది. నేను 'అర్హత' వైపు జారిపోవటానికి ఇదీ ఒక కారణమే కావచ్చు.

బిన్ నబీ చెప్పినదేమిటి?

మాలిక్ బిన్ నబీ 1905లో కాన్‌స్టాంటిన్ నగరంలో జన్మించారు, తెబెస్సాలో పెరిగారు. పారిస్‌లో ప్రాచ్యభాషల సంస్థలో చేరబోతే ప్రవేశం దొరకలేదని తానే తన స్మృతులలో వ్రాసుకున్నారు. తరువాత విద్యుత్ ఇంజనీరింగు చదివారు. 1946లో 'ఖుర్ఆన్ దృగ్విషయం', 1949లో 'పునరుజ్జీవనానికి షరతులు', 1954లో 'ఇస్లామ్ కర్తవ్యం' అని చెప్పదగిన గ్రంథాలు వెలువరించారు. 1956లో కైరో చేరి, స్వాతంత్ర్యానంతరం 1963లో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఉన్నత విద్యాశాఖ సంచాలకులుగా పనిచేసి, 1967లో ఆ పదవిని వదిలారు. 1973 అక్టోబరు 31న అల్జీర్స్‌లో మరణించారు.

ఇంజనీరు గనుక ఆయన ఆలోచనలో సూత్రాలు, గుణకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మనిషి, నేల, కాలం అనే మూడింటి కలయిక నాగరికత అనీ, ఆ మూడింటినీ కలిపి కదిలించే శక్తి ధార్మిక భావన అనీ ఆయన సిద్ధాంతం. ఉత్తర ఆఫ్రికాలో మువహ్హిదుల రాజ్యం 1269లో అంతరించింది. ఆ తరువాత ముస్లిం జగత్తులో ఒక క్రొత్తరకం మనిషి తయారయ్యాడని ఆయన అంటారు. అతడు నమాజు మానలేదు, విశ్వాసం కోల్పోలేదు. కాని ఆ విశ్వాసం అతని చేతికి, సమయానికి, సంఘానికి అందటం ఆగిపోయింది. 'మువహ్హిదుల అనంతర మానవుడు' అని అతనికి పేరు పెట్టారు. అయిదారు శతాబ్దాల తరువాత ఫ్రెంచి సేనలు ఎదుర్కొన్నది ఈ మానవుడినే అని ఆయన వాదన.

ఒక దేశం ఆక్రమణకు గురికావటం వేరు, వలసగా మారటం వేరు అన్నది ఆయన చేసిన ముఖ్యమైన విభజన. యుద్ధంలో ఓడిన జాతి ఆక్రమింపబడుతుంది. అయినా తన ఆలోచనను, పనితనాన్ని నిలుపుకొని కొద్ది సంవత్సరాలలో లేచి నిలబడగలదు. 1945 తరువాతి జర్మనీ, జపానులను మనం ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. వలసగా మారిన జాతి అలా కాదు. తన శక్తియుక్తుల విలువను పాలకుడు కట్టినంతే అనుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. బిన్ నబీ ఒకటి కాదు, రెండు గుణకాలు చెప్పారు. ఒకటి వలస పాలకుడు బయటి నుండి ప్రయోగించేది: చదువు అందకుండా చేయటం, భూమి లాక్కోవటం, మనిషి విలువను అణచి ఉంచటం. రెండవది లోపలి నుండి పనిచేసేది: పాలకుడు గీచిన గీత లోపల కూడా చేయగలిగిన పని చేయకుండా, మన విలువను మనమే తగ్గించుకోవటం. మొదటిదాన్ని ఆయన కాదనలేదు. అది లెక్కలో లేకుండా పోలేదు. వేదికల మీద ఆయన పేరు చెప్పేవారు రెండవ గుణకాన్ని మాత్రమే ఎత్తుకొని మొదటిదాన్ని వదిలివేస్తున్నారు. ఇది ఆయనకు జరుగుతున్న మొదటి అన్యాయం.

అదే మాట, వేరే నోట

1950లో ఒక ఫ్రెంచి రచయిత, ఒక్తావ్ మనోని, వలసపాలన మనస్తత్వం గురించి గ్రంథం ప్రకటించాడు. అతడు మడగాస్కర్‌లో వలస ప్రభుత్వ ఉద్యోగిగా పనిచేసినవాడు. 1947లో ఆ ద్వీపంలో పెద్ద తిరుగుబాటు వచ్చింది. దానిని అతి క్రూరంగా అణచివేశారు. ఆ నెత్తురు ఆరకముందే మనోని తేల్చినదేమంటే, మడగాస్కర్ ప్రజలలో పరుల మీద ఆధారపడే మనోగ్రంథి ముందు నుండీ ఉన్నదని. ఫ్రాంట్జ్ ఫానన్ 1952లో ప్రచురించిన తన తొలి గ్రంథంలో ఒక అధ్యాయమంతా దీనిని ఖండించటానికి వినియోగించాడు. దెబ్బలు తిని వంగిన వీపును చూపి, ఇతడు పుట్టుగూనివాడు అనటం వంటిదే మనోని పద్ధతి అని ఆ ఖండన సారాన్ని మన మాటల్లో చెప్పుకోవచ్చు.

పైపైన చూస్తే మనోని, బిన్ నబీ ఒకే మాట చెప్పినట్లు కనిపిస్తుంది. బిన్ నబీ మాట మనోని గ్రంథం కంటే ముందటిదే గనుక అనుకరణ ప్రశ్న లేదు. కాని భేదం మరొకచోట ఉన్నది. పాలకుని పక్షాన ఉన్నవాడు "వారు లోబడే గుణం కలవారు" అంటే అది అతనికి అతడే వ్రాసుకున్న క్షమాపత్రం. పాలితుడు తన వారితో "మనలో ఈ లోపం ఉన్నది, రండి సరిచేసుకుందాం" అంటే అది ఆత్మపరిశీలన. మన పరిభాషలో ముహాసబా. మొదటివాడు ఆ మాటతో పని ముగిస్తాడు. రెండవవాడు ఆ మాటతో పని ప్రారంభిస్తాడు.

దీనికి మన చరిత్రలోనే గొప్ప ప్రమాణం ఉన్నది. ఉహుద్‌లో విలుకాండ్రు తమ స్థానం వదిలిన కారణంగా ముస్లిములకు తీవ్ర నష్టం కలిగింది. డెబ్బై మంది అమరులయ్యారు. ఇది ఎక్కడి నుండి వచ్చిపడిందని వారు విస్తుపోతే, అది మీ వల్లనే వచ్చిందని ఆలి ఇమ్రాన్ సూరా 165వ ఆయత్ స్పష్టం చేసింది. అయితే ఆ మాట వల్ల ఖురైషుల దాడి న్యాయమైపోలేదు. మదీనా మీదికి దండెత్తి వచ్చినవారి నేరం వారిదిగానే మిగిలింది. అంతేకాదు, అదే సూరా 139వ ఆయత్ వారిని అధైర్యపడవద్దని ఓదార్చింది. 159వ ఆయత్ ఆ పొరపడినవారితోనే మృదువుగా ఉండమనీ, వారిని క్షమించమనీ, వారితో సంప్రదించమనీ మహాప్రవక్త (స) వారికి ఆదేశించింది. అంటే దైవవాణి ఓడినవారి లోపాన్ని దాచలేదు. దాడిచేసినవారి నేరాన్ని కడగలేదు. లోపం చూపిన తరువాత చేయి అందించటం మరువలేదు. ఈ మూడూ కలిసి ఉంటేనే అది ముహాసబా. మూడింటిలో ఒకదాన్ని తీసివేసినా మిగిలేది నిందే. బిన్ నబీని గాని, ఆయనను ఉదహరించేవారిని గాని ఈ కొలతతోనే కొలవటం న్యాయం.

చరిత్ర ఏమంటున్నది?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. అల్జీరియా ప్రజలు నిజంగా లోబడే స్థితిలో ఉండి ఉంటే, వలస సులభంగా సాగి ఉండాలి. సాగిందా?

ఫ్రెంచి సేనలు 1830 జూన్ 14న సీదీ ఫర్రూజ్ వద్ద దిగాయి. జూలై 5న అల్జీర్స్ పాలకుడు హుసేన్ దే నగరాన్ని అప్పగించాడు. మూడు వారాలు! ఉస్మానీ సామ్రాజ్యం పేరిట నగరాన్ని ఏలుతున్న సైనికవర్గానికీ, దేశంలోని తెగలకూ మధ్య పన్ను వసూలు తప్ప మరే సంబంధమూ బలంగా లేదు. ఈ మూడు వారాల వరకు బిన్ నబీ మాట అక్షరసత్యం.

కాని కోట పడినంత మాత్రాన దేశం పడలేదు. 1832లో ఇరవై నాలుగేళ్ళ యువకుడు, పండిత కుటుంబీకుడు అబ్దుల్ ఖాదిర్ చేతి మీద పశ్చిమ ప్రాంత తెగలు బైఅత్ చేశాయి. ఆయన కేవలం కత్తి పట్టి తిరిగినవాడు కాదు. దేశాన్ని మండలాలుగా విభజించి ఖలీఫాలను నియమించారు; పన్నులు, న్యాయస్థానాలు, ఆయుధాల తయారీ ఏర్పరచారు. 1834లో, తిరిగి 1837లో ఆయనతో సంధి చేసుకోవలసిన అవసరం ఫ్రాన్సుకు కలిగింది. చివరికి ఆయనను లొంగదీయటానికి జనరల్ బుజో లక్షమందికి పైగా సైన్యాన్ని వాడవలసి వచ్చింది. పంటలు తగులబెట్టారు, ధాన్యపు పాతరలు ఖాళీ చేశారు. 1845 జూన్‌లో దహ్రా గుహలలో తలదాచుకున్న ఔలాద్ రియాహ్ తెగవారిని, స్త్రీలు పిల్లలతో సహా వందలాది మందిని, గుహ ముఖద్వారంలో మంట పెట్టి పొగతో చంపారు. 1847 డిసెంబరులో అబ్దుల్ ఖాదిర్ లొంగిపోయారు.

అక్కడితోనైనా ముగిసిందా? 1849లో జాఅతషా ఒయాసిస్సు ముట్టడి. 1857లో కబీలియా పర్వతాలలో లాలా ఫాతిమా న్‌సూమర్ నాయకత్వాన ప్రతిఘటన. 1871లో ముఖ్రానీ, షేఖ్ అల్ హద్దాద్‌ల నాయకత్వాన మహా తిరుగుబాటు. దానికి శిక్షగా లక్షలాది హెక్టార్ల భూమి జప్తు చేశారు. ఎందరినో పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కలెడోనియాకు ప్రవాసం పంపారు. జాఅతషా నాయకుడు బూజియాన్ మొదలైన వీరుల పుర్రెలను పారిస్‌లోని మ్యూజియంలో ఉంచారు. వాటిలో ఇరవై నాలుగు 2020లో గాని స్వదేశానికి చేరలేదు. ఆ ఏడాది జూలై 5న అల్జీర్స్‌లో ఖననం జరిగింది.

మూడు వారాలలో పడిన ప్రభుత్వం, నలభై ఏళ్ళు పడని ప్రజలు: రెండూ ఒకే దేశం. 'మువహ్హిదుల అనంతర మానవుడు' అనే ఒకే బొమ్మలో ఈ రెంటినీ ఇమిడ్చటం సాధ్యం కాదు. బిన్ నబీ సిద్ధాంతంలోని ముఖ్య లోపం ఇదేనని నా అభిప్రాయం. ఆయన నాగరికతను కొలిచారు గాని, ఆ నాగరికత లోపల పాలించే వర్గాన్నీ, పాలింపబడే జనాన్నీ వేరు చేసి కొలవలేదు. లోబడింది ఎవరు? లోబరచుకునేవానితో బేరం కుదుర్చుకున్నది ఎవరు? ఏమీ మిగలని తరువాత కూడా కొండలెక్కి పోరాడింది ఎవరు? ఈ ప్రశ్నలు వేయనంతకాలం దోషం సమానంగా అందరి మీదా పడుతుంది. అందరి మీదా పడిన దోషాన్ని చివరకు మోసేది అడుగునున్నవాడే.

దీపాలు ఎవరు ఆర్పారు?

రెండవ చిక్కు కార్యకారణాల గురించినది. అజ్ఞానం, సోమరితనం, సంఘం చెదిరిపోవటం – వీటిని బిన్ నబీ లోబడే స్థితికి లక్షణాలుగా చూపారు. ఆయన చూచిన అల్జీరియాలో ఇవి నిజంగానే ఉన్నాయి. కాని ఆయన పుట్టేనాటికి వలసపాలన వయస్సు డెబ్బై అయిదేళ్ళు. తాను కళ్ళారా చూచిన స్థితి వలసకు ముందటిదా, వలస తెచ్చినదా?

దీనికి సాక్ష్యం చెప్పింది ముస్లిం చరిత్రకారుడు కాదు, ఫ్రెంచి పార్లమెంటు సభ్యుడు అలెక్సిస్ ద తొక్‌విల్. అతడు వలసపాలనను సమర్థించినవాడే. అయినా 1847లో అల్జీరియా గురించి పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో, దానధర్మాలకు, విద్యకు ఉద్దేశించిన నిధులను తామే మళ్ళించామనీ, పాఠశాలలు కూలిపోనిచ్చామనీ, విద్యావంతులను చెదరగొట్టామనీ, ముస్లిం సమాజాన్ని తమ రాకకు ముందున్నదానికంటే ఎక్కువ అజ్ఞానంలో, దారిద్ర్యంలో పడవేశామనీ ఒప్పుకున్నాడు. అంటే వక్ఫ్ ఆస్తులు పోయాయి. వక్ఫ్‌తో నడిచే మదరసాలు పోయాయి. మదరసాలు పోయిన ఒక తరానికే అక్షరం పోయింది. అల్జీర్స్‌లోని కెచావా మస్జిద్‌ను 1832లో చర్చిగా మార్చారు. 1865 చట్టం ప్రకారం ముస్లిం ఫ్రాన్సు ప్రజ అయ్యాడే గాని పౌరుడు కాలేదు. పౌరుడు కావాలంటే వివాహం, వారసత్వం వంటి విషయాలలో షరీఅత్‌ను వదులుకోవాలి. 1873 నాటి వార్నియే చట్టం ఉమ్మడి భూములను ముక్కలు చేసి అమ్మకానికి తెచ్చింది. 1881లో స్థానికులకు మాత్రమే వర్తించే ప్రత్యేక శిక్షాస్మృతి వచ్చింది. 1938 మార్చి 8 నాటి ఉత్తర్వు అనుమతి లేని అరబీ పాఠశాలలను నేరంగా పరిగణించింది.

దీపాన్ని ఆర్పి, ఆ పైన చీకటిని సాక్ష్యంగా చూపటం వలసపాలకుల పాత పద్ధతి. బిన్ నబీ ఆ పని చేయలేదు. కాని చీకటిలో ఎంత భాగం పాతదో, ఎంత భాగం క్రొత్తదో విడమరచి చెప్పకుండానే ముందుకు సాగారు. ఆయన చెప్పిన రెండు గుణకాలు విడివిడిగా ఉండేవి కావు. మొదటిది రెండవదానిని తయారుచేస్తుంది. ఇంజనీరుగా ఆయన ఈ సంబంధాన్ని తప్పక గుర్తించి ఉండవలసింది.

యానాం చెప్పే సంగతి

ఫ్రెంచి సామ్రాజ్యం కథలో మన తెలుగు నేల కూడా ఒక చిన్న పేజీ. గోదావరి తీరాన ఉన్న యానాం 18వ శతాబ్దం నుండి ఫ్రెంచివారి అధీనంలో ఉండేది. 1954 జూన్‌లో అక్కడ వారి అధికారం కూలిపోయింది. అదే సంవత్సరం నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారత ప్రభుత్వానికి లాంఛనంగా బదిలీ అయింది. సరిగ్గా అదే రోజున, 1954 నవంబరు 1న, అల్జీరియాలో జాతీయ విముక్తి సంఘటన ఆయుధాలెత్తింది. ఇక చట్టబద్ధమైన విలీనం. 1956 మే 28న సంతకాలైన ఒప్పందానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం 1962లో గాని రాలేదు. యానాం వంటి ప్రాంతాలు చట్టరీత్యా మనవైనది 1962 ఆగస్టు 16న. అల్జీరియా స్వతంత్రమైన జూలై 5కు సరిగ్గా ఆరు వారాల తరువాత.

ఒకే సామ్రాజ్యం ఒకే రోజున ఒకచోట కాగితం మీద సంతకం చేసి తాళాలు అప్పగించింది. మరొకచోట ఏడేళ్ళకు పైబడిన యుద్ధానికి దిగింది. యానాం వారిది లోబడని గుణమనీ, అల్జీరియా వారిది లోబడే గుణమనీ ఎవరైనా అనగలరా? భేదం పాలితుల స్వభావంలో లేదు. యానాంలో ఫ్రెంచివారికి ఉన్నది కొద్దిపాటి అధికారం, వర్తకం. వెనుక స్వతంత్ర భారతదేశం ఉన్నది. అల్జీరియాలో పది లక్షల మంది స్థిరనివాసులు, వారి చేతిలో మేలైన భూములు, సహారాలో చమురు ఉన్నాయి. వలస ఎంతకాలం నిలుస్తుందన్నది లోబడినవాని మనస్సును బట్టి మాత్రమే గాక, లోబరచుకున్నవాని లాభాన్ని బట్టి కూడా ఉంటుంది. వలస నిర్మూలన అనే మాటను పాఠ్యపుస్తకాలలో సామ్రాజ్యాలు తమంత తాము చేసిన ఉదార కార్యంగా వ్రాసినప్పుడు ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. ఆ యుద్ధాన్ని యుద్ధమని చట్టంలో ఒప్పుకోవటానికే ఫ్రాన్సుకు 1999 వరకు పట్టింది. అందాకా అది శాంతిభద్రతల చర్య!

బిన్ నబీ ఒప్పు ఎక్కడ?

ఇంత చెప్పిన తరువాత ఆయనను ప్రక్కన పెట్టివేయవచ్చునా? వీలులేదు. ఎందుకంటే ఆయన అసలు సత్తా 1830ని వివరించటంలో కాక, 1962 తరువాతి కాలాన్ని ముందుగానే పసిగట్టటంలో ఉన్నది.

పాలకుడు వెళ్ళిపోయినంత మాత్రాన లోబడే స్థితి వెళ్ళిపోదని ఆయన స్వాతంత్ర్యానికి పదమూడేళ్ళ ముందే వ్రాశారు. విముక్తి లభించిన 1962 వేసవిలోనే నాయకుల వర్గాలు ఒకరి మీద ఒకరు తుపాకులెత్తాయి. 1965 జూన్ 19న తొలి అధ్యక్షుడు బిన్ బెల్లాను సైన్యం తొలగించింది. 1992 జనవరిలో ఎన్నికలను మధ్యలో రద్దుచేయగా, ఆ తరువాతి అంతర్యుద్ధంలో వేలాది మంది అల్జీరియా వారు అల్జీరియా వారి చేతుల్లోనే చనిపోయారు. వీటన్నిటినీ ఫ్రాన్సు ఖాతాలో వ్రాసి చేతులు దులుపుకోవటం సాధ్యం కాదు. ఇక్కడ ఆయన రెండవ గుణకం పనికి వస్తుంది.

1936లో ఉలమా సంఘం వారు ఇతర పక్షాలతో కలిసి హక్కుల కోసం పారిస్ వెళ్ళటాన్ని ఆయన తప్పుబట్టారు. షేఖ్ బిన్ బాదీస్ 1931లో నెలకొల్పిన ఆ సంఘం పాఠశాలల ద్వారా మనిషిని నిర్మిస్తున్నది. ఆ పని వదిలి పాలకుని వాకిట నిలబడటం వెనుకడుగు అన్నది ఆయన విమర్శ. అల్జీరియా సామాన్యుడు 'పొలితీక్'ను 'బొలితీక్' అని పలుకుతాడు, అరబీలో 'ప' లేదు గనుక. బిన్ నబీ ఆ పలుకుబడినే తీసుకొని, నినాదాలతో పొద్దుపుచ్చే వ్యవహారానికి 'బొలితీక్' అని పేరుపెట్టారు. దీనికి మాత్రం అనువాదకుడిగా నేను ఇబ్బంది పడలేదు. "వాడు రాజకీయాలు చేస్తున్నాడు" అన్న తెలుగు మాటలో ఆ ఎత్తిపొడుపు ముందే ఉన్నది.

హక్కులు అడగటం తప్పన్నంత దూరం ఆయన పోవటంతో నేను ఏకీభవించను. అడిగినవారికే దక్కనప్పుడు అడగనివారికి ఏమి దక్కుతుంది? కాని బాధ్యత నెరవేర్చటం, హక్కు అడగటం అనే రెండు పనులలో మొదటిది మన చేతిలో ఉన్నదనీ, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదనీ ఆయన చెప్పిన మాట నేటికీ పాతబడలేదు. ఒక జాతి తమ లోపలి దానిని మార్చుకోనంతవరకు అల్లాహ్ ఆ జాతి స్థితిని మార్చడన్న రఅద్ సూరా 11వ ఆయత్ భావమే ఆయన సిద్ధాంతానికి పునాది. ఆ ఆయత్‌లో మార్పుకు అవకాశం ఉన్నది. పుట్టుకతో వచ్చిన గుణమైతే మార్చుకొమ్మనటంలో అర్థం లేదు.

ఇక్కడే నా చిక్కుముడి విడిపోయింది. 'వలసార్హత' అంటే శిక్షకు తగినవారమని అర్థం వస్తుంది. అది ఆయన ఉద్దేశం కాదు. 'వలసకు లొంగే గుణం' అని రెండవసారి వ్రాసి అదీ కొట్టివేశాను. గుణమన్నది పుట్టుకకు అంటిపెట్టుకొని ఉంటుంది, మనోని వాదానికి అది చాలా దగ్గర. చివరకు 'వలసకు లోబడే స్థితి' అని నిర్ణయించాను. స్థితి ఒకప్పుడు ఏర్పడుతుంది, దానిని ఎవరో ఏర్పరుస్తారు కూడా, మరొకప్పుడు మారుతుంది. ఎప్పుడు ఏర్పడింది, ఎవరు ఏర్పరచారు అని చరిత్రను అడగవచ్చు. ఎలా మార్చాలని మనలను మనం అడగవచ్చు. ఆ మాట మొదటిసారి వచ్చినచోట, బిన్ నబీ చెప్పిన గుణకాలు రెండనీ, ఒకటి కాదనీ అధోజ్ఞాపిక చేర్చాను. వక్తలు ఆ అధ్యాయం నుండి ఉదహరించేటప్పుడు ఆ రెండు పంక్తులను కూడా చదవాలని నా మనవి.

సవరించిన ప్రతిని నా మిత్రునికి తిరిగి పంపాను. "స్థితి అన్నావు, బాగున్నది. కాని లోబడే అన్నచోట లోబరచినవాడు కనిపించటం లేదు" అని మార్జిన్‌లో వ్రాసి పంపాడు. అతడన్నది నిజమే. తెలుగులో ఆ ఇద్దరినీ ఒకే మాటలో చూపగల పదం నాకు ఇంకా దొరకలేదు. పాఠకులలో ఎవరికైనా తోచితే పత్రిక ద్వారా తెలియజేయగలరు. గ్రంథం అచ్చుకు పోయే లోపల సంతోషంగా మార్చుకుంటాను.